పలికే గంజపా: పర్లాకిమిడి చీట్లాట బల్ల – ప్రాజెక్టు డైరీ

ఏం కడుతున్నాం

గంజపా అంటే గుండ్రటి చీట్లతో ఆడే ఆట. దశావతార గంజపాలో ఒక్కో అవతారానికి ఒకటి చొప్పున 10 రంగులు, అంటే చీట్ల జట్లు, ఉంటాయి. ఒక్కో రంగుకు రాజు, మంత్రి, 1 నుంచి 10 దాకా అంకెల చీట్లు. వెరసి 120. ఒడిశాలో రఘురాజ్‌పూర్ లాగే మా గజపతి జిల్లా పర్లాకిమిడి కూడా ఈ చీట్లకు పేరున్న ఊరు. గుడ్డ, చింతపిక్కల జిగురు, సుద్ద, రంగు, లక్క. చీటీలో ఉండేది అంతే.

మేం ప్రస్తుతానికి ఒక్క రంగే తీసుకున్నాం, మత్స్యం. 12 చీట్లు, నలుగురు కూర్చునే ఒక బల్ల. బల్లకు నాలుగు వైపులా నాలుగు గుండ్రటి చోట్లు. ఒక్కో చోటు ఒక్కో పనిది: పర్లాకిమిడి కొమ్ము పని, బరంపురం పట్టు మగ్గం, బెల్లగుంఠ ఇత్తడి చేప, నాలుగోది ఈ గంజపా చీటీకే మెరుగు పెట్టే రాయి. చీటీ ఎన్ని చేపలు చూపిస్తే ఆ పనిముట్టు అన్ని దెబ్బలు పలకాలి. ఐదు చేపల చీటీని మగ్గం చోట పెడితే మగ్గం ఐదుసార్లు కొడుతుంది, కొమ్ము చోట పెడితే ఆకురాయి ఐదుసార్లు గీస్తుంది. దెబ్బ దెబ్బకూ ఆ చేతి కదలిక చీటీ చుట్టూ వీడియోగా పడుతుంది. మంత్రి చీటీకి దెబ్బ లేదు. ఆ పనిముట్టు పేరు తెలుగులోనూ ఒడియాలోనూ పలుకుతుంది. రాజు చీటీకి నాలుగు పనులూ కలిసి మోగుతాయి.

చీటీ చెప్పేది లెక్క కాబట్టి శబ్దమూ లెక్క చెప్పాలి. నేపథ్య సంగీతం వేసి బొమ్మను ముస్తాబు చేయడం ఈ పనిలో లేదు. కళ్లు కనిపించని మనిషి కూడా చెవితో విని ఏ చీటీ పడిందో చెప్పగలగాలి. అక్కడిదాకా వస్తేనే ఈ బల్ల పనికొచ్చినట్టు.

ఒకటి ముందే తేల్చుకున్నాం. గజపతి, రాయగడ జిల్లాల సవరల ఇడితాల్ బొమ్మలు చూడటానికి ఎంత బాగున్నా ఈ బల్ల మీదికి తేలేదు. అవి పూజతో ముడిపడినవి, గోడ మీద ఒక కారణంతో వేసేవి. సెన్సరుకు పై తొడుగుగా వాడే వస్తువులు కావు.

జూన్: అట్ట

అంతా చీటీ లోపలి అట్ట దగ్గరే తేలుతుంది. ఎలక్ట్రానిక్స్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అట్టలో పెట్టి మూసేసిన ట్యాగును (ఏ చీటీ పడిందో బల్ల కింది రీడరుకు చెప్పే చిప్పు స్టిక్కరును) మళ్లీ బయటికి తీయలేం. అందుకే చీటీ తయారయ్యే వరుసను కదపకుండా, ట్యాగు ఆ వరుసలో ఎక్కడ ఇముడుతుందో వెతికాం.

గుడ్డ: బాగా వాడి మెత్తబడిన నూలు ధోవతి. కొత్త గుడ్డే దొరికితే వేడినీళ్లలో నానబెట్టి మిల్లు గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలి. గంజి మిగిలితే జిగురు లోపలికి ఇంకదు, ఎండాక పొరలు విడిపోతాయి.

జిగురు: చింతపిక్కలు వేయించి, పైపొట్టు తీసి, పప్పును మెత్తగా పొడి చేయాలి. 60 గ్రాముల పొడికి 750 మిల్లీలీటర్ల నీళ్లు. ముందు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, తర్వాత సన్నసెగ మీద అరగంటకు పైగా తిప్పుతూ ఉడికించాలి. పచ్చి వాసన పోయి, గరిటె వెనక సన్నటి పొరగా పట్టి నిలవాలి. త్వరగా దించేస్తే అప్పటికి అంటుకున్నట్టే ఉంటుంది కానీ మెరుగు రాయి కింద పొర లేచిపోతుంది. చల్లారాక పాత గుడ్డలో వడకట్టాలి.

పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేయడం అలవాటు. ట్యాగు ఉన్న చీటీకి అదే శత్రువు. ట్యాగు లోపలి తీగచుట్ట పల్చటి అల్యూమినియం. మైలుతుత్తంలోని రాగి తడిలో అల్యూమినియం మీదికి చేరి, అల్యూమినియాన్ని కరిగించి పోనిస్తుంది. స్టిక్కరుకు ప్లాస్టిక్ పొర ఉన్నా అంచుల దగ్గర తడి చొరబడుతుంది. చుట్టలో ఒక్కచోట తెగినా ట్యాగు చచ్చినట్టే. కాబట్టి ట్యాగుకు ఆనుకునే రెండు పొరలకూ మైలుతుత్తం లేని జిగురు, దానిలో కొద్దిగా లవంగ నూనె. బయటి పొరలకు మామూలు జిగురే. మైలుతుత్తం విషం. చేతికి తొడుగులు వేసుకోవాలి, ఆ గిన్నె మళ్లీ వంటింటికి పోకూడదు.

ట్యాగు: 25 మి.మీ. గుండ్రటి ఎన్‌ట్యాగ్213 స్టిక్కరు, 13.56 మెగాహెర్ట్జ్. చీటీ వ్యాసం 70 మి.మీ.

పొరల వరుస ఇది. కింది రెండు గుడ్డలు అంటించి, తడి ఆరి ఇంకా వంగేంత మెత్తగా ఉన్నప్పుడు మధ్యలో ట్యాగు పెట్టాలి. మూడో గుడ్డకు నడుమ 26 మి.మీ. రంధ్రం కత్తిరించి, ట్యాగు ఆ రంధ్రంలో కూర్చునేలా అంటించాలి. నాలుగో గుడ్డ పైన కప్పాలి. రంధ్రం లేకుండా నేరుగా కప్పితే ట్యాగున్న చోట సన్నటి గుబ్బ లేస్తుంది. మెరుగు రాయి బరువంతా ఆ గుబ్బ మీదే పడి, చిప్పుకూ చుట్టకూ మధ్య అతుకు విడిపోతుంది. చిప్పు ఎక్కడుందో స్టిక్కరును వెలుతురుకు పెట్టి చూస్తే నల్లటి చుక్కలా కనిపిస్తుంది. చీటీ వెనక ఆ చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకుంటే మెరుగు పెట్టేటప్పుడు చేయి తేలిక చేయొచ్చు.

తడిగా ఉన్నప్పుడు రీడరు మీద పెట్టి చూసి చదవలేదని పారేయకూడదు. నీరు ట్యాగు శ్రుతిని కిందికి లాగేస్తుంది. పూర్తిగా ఆరాక మళ్లీ పలుకుతుంది. పరీక్ష మూడు చోట్ల చేయాలి: అంటించక ముందు, అట్ట ఆరాక, మెరుగు పెట్టాక. ఏ దశలో పోయిందో తెలిస్తే తప్ప కారణం దొరకదు.

జులై, ఆగస్టు: సుద్ద, మెరుగు, లక్క – వానలో

సుద్ద పొడిని సన్నటి గుడ్డలో జల్లించి, జిగురుతో చిక్కటి మజ్జిగంత పల్చగా కలిపి రెండు వైపులా రెండేసి పూతలు. ముందు పూత పూర్తిగా ఆరాకే తర్వాతది. సుద్ద ఎక్కువై జిగురు తగ్గితే వేలికి పొడి అంటుతుంది. జిగురు ఎక్కువైతే చీటీ వంచగానే పూత పగులుతుంది. వేలితో రుద్దితే తెల్లగా అంటకుండా, కొద్దిగా వంచితే పగలకుండా ఉన్న పాళ్లు ఏవో ఒక చిన్న ముక్క మీద తేల్చుకుని అక్కడే ఆగాలి. వానాకాలంలో ఒకే పొడికి నీళ్లు తక్కువ పడతాయి, వేసవి కొలత పనికిరాదు.

చీటీ పళ్లెంలా వంగిపోవడం ఈ నెలల్లో ప్రధాన ఇబ్బంది. ఎండేటప్పుడు పూత ముడుచుకుని గుడ్డను తన వైపు లాగుతుంది. ఒక వైపు పూసి మర్నాడు రెండో వైపు పూస్తే ఆ వంపు నిలిచిపోతుంది. ఒక వైపు తడి మెరుపు పోగానే రెండో వైపు పూసి, చేతికి తడి అంటని దశలో రెండు నూలు గుడ్డల మధ్య పెట్టి పైన చదునైన బరువు వేస్తే చదునుగా వస్తుంది. గుడ్డలు పూటకోసారి మార్చాలి. మార్చకపోతే బూజు పడుతుంది.

అట్టను గుండ్రంగా కత్తిరించేది సుద్ద ఆరాక. మెరుగుకు ముందు గరుకు రాయి, తర్వాత నున్నటి రాయి. నడుమ 25 మి.మీ. మేర బరువు వేయకుండా చుట్టూ తిప్పాలి. నడుమ కొంచెం మెరుపు తగ్గినా పరవాలేదు, అక్కడ బొమ్మ వస్తుంది.

రంగుల విషయంలో పాత పద్ధతిని ఒకచోట పక్కన పెట్టాం. ఇంగిలీకం ఎరుపులో పాదరసం ఉంటుంది, హరితాళం పసుపులో ఆర్సెనిక్ ఉంటుంది. బల్ల మీద పిల్లలు చీట్లు పట్టుకుంటారు, నోట్లో పెట్టుకునేవాళ్లూ ఉంటారు. ఎరుపుకు గేరు మట్టి, పసుపుకు పసుపు మట్టి, తెలుపుకు శంఖం పొడి, నలుపుకు దీపపు మసి. రంగు పట్టి నిలిచేందుకు వెలగ జిగురు. మసిలో కర్బనం ఉంది కదా, చదవడానికి అడ్డొస్తుందేమోనన్న సందేహం ఉండింది. గీత మందంలో అడ్డు రాలేదు.

లక్క దగ్గర మాత్రం పాత పద్ధతి ట్యాగుకు అస్సలు పొసగదు. సంప్రదాయంగా లక్క పొడి చల్లి నిప్పు సెగ మీద కరిగించి రుద్దుతారు. లక్క 75 డిగ్రీల పైన కరుగుతుంది. ఈ ట్యాగు చిప్పు పని చేసే వేడి 70 డిగ్రీల లోపే. సెగ ఒక్కచోట నిలిస్తే ప్లాస్టిక్ పొర ముడుచుకుని చుట్ట వంకరపోతుంది. అందుకని చపడా లక్కను స్పిరిటులో నానబెట్టి పూస్తున్నాం. 20 గ్రాముల లక్కకు 100 మిల్లీలీటర్ల స్పిరిటు, రాత్రంతా నానాలి, మధ్యమధ్య కదపాలి, వడకట్టాలి. మెత్తటి కుంచెతో మూడు పల్చటి పూతలు. దగ్గర్లో దీపం గానీ పొయ్యి గానీ ఉండకూడదు.

వాన పడే రోజు ఈ పూత వేస్తే లక్క మీద తెల్లటి మబ్బు పడుతుంది. స్పిరిటు ఆవిరయ్యేటప్పుడు చీటీ చల్లబడి, గాలిలో తేమ పూతలోకి దిగడం దీనికి కారణం. పూసే గదిలో ముందుగా ఒక గంట పెద్ద బల్బు వెలిగించి గాలిని పొడిగా చేసుకుంటే మబ్బు తగ్గుతుంది. పడిన మబ్బును పొడి వాతావరణంలో స్పిరిటు తడిపిన గుడ్డతో ఒక్క పలచటి తుడుపు తుడిస్తే చాలావరకు పోతుంది. గట్టిగా రుద్దితే కింద రంగు లేస్తుంది.

సెప్టెంబరు: దెబ్బలు రికార్డు చేయడం

ఇక్కడ కావాల్సింది పాట కాదు, ఒక్కొక్క దెబ్బ. ఒక్కో పనికి ఆరు వేర్వేరు దెబ్బల చొప్పున విడిగా కత్తిరించి పెట్టుకున్నాం. ఒకే దెబ్బను ఐదుసార్లు వేస్తే చెవి వెంటనే పట్టేస్తుంది, యంత్రం కొట్టినట్టుంటుంది. ఆరింటిలోంచి కలిపి తీస్తే మనిషి చేయి వినిపిస్తుంది.

కొమ్ము పనికి మామూలు మైకు పనికిరాలేదు. వీధి మోత, బండ్ల హారన్లు అన్నీ వచ్చేస్తాయి. పని చేసే చెక్క దిమ్మకు 27 మి.మీ. పియెజో బిళ్ల (అదురును కరెంటు సంకేతంగా మార్చేది) అంటించి తీస్తే ఆకురాయి కొమ్ములోకి దిగే గీత మాత్రమే వస్తుంది. బిళ్లను తేనెమైనంతో అంటించాలి. రెండు వైపులా జిగురుండే టేపు మెత్తదనం వల్ల పై శ్రుతులు పోతాయి.

పియెజో బిళ్లను నేరుగా రికార్డరులో గుచ్చితే శబ్దం డబ్బాలో మోగినట్టు, కింది శ్రుతులు లేకుండా వస్తుంది. బిళ్ల దాదాపు 20 నానోఫారడ్ల కెపాసిటరులా ప్రవర్తిస్తుంది. రికార్డరు మైకు ద్వారం నిరోధం 2 కిలో ఓమ్‌లు అయితే సుమారు 4,000 హెర్ట్జ్ కిందిదంతా తగ్గిపోతుంది. 10 కిలో ఓమ్‌లైనా 800 దగ్గర కోత పడుతుంది. అదే 1 మెగా ఓమ్ ఉంటే కోత 8 హెర్ట్జ్‌కు దిగుతుంది, అంటే ఏమీ పోదు. అందుకని మధ్యలో టీఎల్072 చిప్పుతో చిన్న బఫరు: ఒక 10 మెగా ఓమ్‌ల రెసిస్టరు, 9 వోల్టుల బ్యాటరీని సగానికి పంచే రెండు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, బయటికి 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు. బిళ్ల నుంచి బఫరు దాకా తీగ జానెడు మించకూడదు, అదీ కవచమున్న తీగే. బిళ్ల వెనక ఇత్తడి వైపు గ్రౌండుకు పోవాలి. తిరగేసి కలిపితే చేయి దగ్గరికి తేగానే హమ్ వస్తుంది.

బరంపురం మగ్గం దగ్గర దెబ్బ రెండు ముక్కలు: అడ్డు దారం మోసే నాడె దాని పెట్టెలోకి వచ్చి తగిలే చప్పుడు, వెంటనే పేకను, అంటే ఆ అడ్డు దారాన్ని, పడుగులోకి నెట్టే బరువైన దెబ్బ. ఈ రెండూ కలిస్తేనే ఒక లెక్క. బిళ్లను నాడె పెట్టె పక్క చెక్కకు పెడితే మొదటిది మరీ పెద్దగా వచ్చి రెండోది మునిగిపోతుంది. మగ్గం నిలువు గుంజకు పెడితే రెండూ సమంగా వస్తాయి. చెక్క తగిలినప్పుడు బిళ్ల నుంచి కొన్ని వోల్టులు పుట్టగలవు, రికార్డరు తట్టుకోదు. గుంజ దగ్గర కూడా లెవెల్ గరిష్ఠం మైనస్ 12 డెసిబెల్ దాటకుండా చూసుకోవాలి.

బెల్లగుంఠ ఇత్తడి చేప తోక నుంచి తల దాకా కీళ్లతో కదులుతుంది. చేతిలో పట్టుకుని ఒక్కసారి ఊపితే పొలుసుల సవ్వడి. దీనికి పియెజో పనికిరాదు. బిళ్ల బరువే కీలును ఆపేస్తుంది. చిన్న కాలరు మైకును జానెడు దూరంలో పెట్టి, చుట్టూ దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి తీశాం. చేప వెలుతురు పట్టే వస్తువు కనుక వీడియోకూ ఇదే ఎక్కువ కష్టం, ఆ సంగతి తర్వాత.

మెరుగు రాయి రాపిడి చాలా మెల్లటిది. రాసే బల్లకే బిళ్ల. రాయి ముందుకు పోయేటప్పుడు ఒక స్వరం, వెనక్కి వచ్చేటప్పుడు ఇంకొకటి. రెండూ కలిపి ఒక దెబ్బగా లెక్కించాం.

అన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు. అంచులకు 10 మిల్లీ సెకన్ల ఫేడు, లేకపోతే ప్రతి దెబ్బకూ టిక్కుమంటుంది. 80 హెర్ట్జ్ కింద కోత. రికార్డు ముందు పనివాళ్ల అనుమతి, ఆ పూట కూలికి తక్కువ కాకుండా డబ్బు, కత్తిరించిన ముక్కలు వాళ్లకు వినిపించాకే వాడకం. ఇవి పని నియమాలు, మర్యాద కోసం మాత్రమే కాదు. విన్న పనివాళ్లే “ఇది మొద్దు ఆకురాయి చప్పుడు, ఇది తీసేయండి” అని చెప్పగలరు. బయటి చెవికి ఆ తేడా దొరకదు.

అక్టోబరు: దెబ్బల మధ్య ఖాళీ

ఐదు దెబ్బలను గడియారంలా సమానంగా పేరిస్తే పని ఊపిరి పోతుంది. పనివాళ్లు ఆగకుండా చేసిన ఒక నిమిషం రికార్డింగులో దెబ్బకూ దెబ్బకూ మధ్య కాలాన్ని మిల్లీ సెకన్లలో కొలిచి, ఆ వరుసను అలాగే ఫైలుగా పెట్టాం. మగ్గం దాదాపు సమంగా నడుస్తుంది. కొమ్ము పనిలో మూడు నాలుగు గీతలకు ఒకసారి చేయి ఆగి కొమ్మును తిప్పుకుంటుంది. ఆ ఆగడం వరుసలో ఉండాలి. ఏడు చేపల చీటీకి ఆకురాయి మూడు గీసి, ఒక్క ఊపిరి ఆగి, నాలుగు గీస్తే వినేవాడికి లెక్క ఇంకా తేలికగా అందుతుంది. మూడూ నాలుగూ విడివిడిగా చెవికి ఎక్కుతాయి. అందుకని ఏడు, అంతకు పైబడిన చీట్లన్నిటికీ, ఏ పని చోటైనా, సహజంగా ఆగే చోటునే ఎంచుకుని మొదలుపెట్టిస్తున్నాం.

దెబ్బల్ని నడిపేది ప్యూర్ డేటా అనే శబ్దాల ప్రోగ్రాం. చీటీ నంబరు, చోటు నంబరు అందగానే ఆ పని ఆరు దెబ్బల్లోంచి వెంటవెంటనే అదే రాకుండా ఏరుకుని, కాలాల ఫైలు ప్రకారం వేస్తుంది. ఒక్కో దెబ్బ గట్టిదనాన్ని 2 డెసిబెల్ అటూ ఇటూ మారుస్తుంది. అంతకు మించితే లెక్క తప్పినట్టు వినిపిస్తుంది. మొదట ఎంపీత్రీ ఆడించే చిన్న బోర్డు ఆలోచన ఉండింది. అది ఒకసారికి ఒకే ఫైలు ఆడిస్తుంది. రాజు చీటీకి నాలుగు పనులు కలవాలి కాబట్టి దాన్ని వదిలేశాం.

నవంబరు: బల్ల

పైన 6 మి.మీ. ప్లైవుడ్ పలక, 75 సెం.మీ. చదరం. నాలుగు చోట్ల కింది నుంచి గుండ్రంగా చెక్కి 3 మి.మీ. మాత్రమే మిగిల్చి, అక్కడ ఎంఎఫ్‌ఆర్‌సీ522 రీడరు బోర్డు అమర్చాం. చవక రీడర్ల పరిధి రెండు మూడు సెంటీమీటర్లే. పలక, గుడ్డ, చీటీ కింది పొరలు పోను ఎంత మిగులుతుందో చూసుకోవాలి. రీడర్ల మధ్య 30 సెం.మీ. దూరం ఉంచాం. దగ్గర పెడితే ఒకదాని క్షేత్రం ఇంకొకదాన్ని పొడుస్తుంది.

నాలుగింటినీ నడపడానికి కలిపి ఒక ఈఎస్‌పీ32 కంట్రోలు బోర్డు. సమాచారపు తీగలు ఉమ్మడి, ఎంపిక తీగ మాత్రం ఒక్కో రీడరుకు వేరు. బల్ల వెడల్పు వల్ల తీగలు పొడుగవుతాయి, సమస్య అక్కడే మొదలవుతుంది. అప్పుడప్పుడు చదవడం, అప్పుడప్పుడు సున్నాలు రావడం దాని లక్షణం. వేగాన్ని 4 మెగాహెర్ట్జ్ నుంచి 1కి తగ్గించి, ప్రతి సంకేతపు తీగతో ఒక గ్రౌండు తీగ మెలివేసి, ప్రతి రీడరు దగ్గర 3.3 వోల్టుల గీతకు 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు వేస్తే నిలబడుతుంది. రీడరుకు 5 వోల్టులు ఇస్తే కాలిపోతుంది. ఏంటెనాలను ఒక్కొక్కటిగా వెలిగించి చదివి ఆర్పేయాలి. కరెంటు ఆదా, పక్కదానికి అడ్డమూ ఉండదు. గ్రహణ శక్తిని గరిష్ఠం 48 డెసిబెల్‌కు పెట్టాం.

చీటీ అక్కడే ఉన్నా ఒకసారి “ఉంది”, మరోసారి “లేదు” అని రావడం ఈ రీడరు లైబ్రరీతో మామూలే. చదివిన ట్యాగు నిద్రావస్థకు పోయి తర్వాతి పిలుపుకు పలకదు. నిద్రలేపే పిలుపు వాడి, వరుసగా మూడుసార్లు జవాబు రాకపోతేనే తీసేసినట్టు లెక్కించాలి.

ట్యాగు పుట్టు నంబరును వాడకుండా, 4వ పేజీలో చీటీ నంబరు రాస్తున్నాం. ఎన్‌ట్యాగ్213లో మనం రాసుకునే చోటు అక్కడి నుంచే మొదలు. చీటీ చిరిగితే కొత్తది చేసి అదే నంబరు రాస్తే సరి, ప్రోగ్రాం ముట్టుకోనక్కర్లేదు.

పలక మీద పరిచేది బ్లీచు చేయని చేనేత నూలు. బరంపురం పట్టు పరచాలని చాలా ఆశ ఉండింది. పట్టుతో ఇబ్బంది లేదు, జరీతోనే. లోహపు జరీ అంచు రీడరు మీదుగా పోతే క్షేత్రాన్ని మింగేస్తుంది. జరీని రీడరు అంచుకు 5 సెం.మీ. అవతల నిలిపితే పని చేస్తుంది కాబట్టి బల్ల చుట్టూ అంచుగా మాత్రం పెట్టాం. చీటీ పెట్టే చోటు వేలికి తెలిసేలా నూలు దారంతో గుండ్రంగా ఉబ్బు కుట్టు. ట్యాగు నడిబొడ్డున ఉంటుంది కాబట్టి చీటీ 15 మి.మీ. పక్కకు జరిగినా చదువుతుంది, అంతకన్నా జరగకుండా కుట్టు ఆపుతుంది.

శబ్దం పలక నుంచే రావాలి. 25 మి.మీ. ఎక్సైటరు (పలకనే అదిరించి స్పీకరులా మోగించే పరికరం), 4 ఓమ్‌లు, 5 వాట్లు, ప్లైవుడ్ కింద ప్రతి చోటు పక్కనా ఒకటి. ఎక్సైటరులో అయస్కాంతం ఉంది, రీడరుకు 8 సెం.మీ. దగ్గరికి రాకూడదు. పలక 18 మి.మీ. ఉంటే శబ్దం చచ్చిపోతుంది, 6 మి.మీ. మగ్గం దెబ్బను అరచేతికి అందిస్తుంది. నిశ్శబ్దంలో సన్నగా కూసే మోత వస్తే యాంప్లిఫయరుకూ రాస్ప్‌బెరీ పైకీ (శబ్దాన్నీ వీడియోనూ నడిపే చిన్న కంప్యూటరు) కరెంటు ఒకే చోటి నుంచి వస్తోందని అర్థం. వేరు చేసి, పైలోని హెడ్‌ఫోను రంధ్రం బదులు యూఎస్‌బీ సౌండు కార్డు పెడితే ఆ కూత పోతుంది. నాలుగు ఎక్సైటర్లకు నాలుగు వేర్వేరు దారులు కావాలి, కార్డు కొనేటప్పుడు అది చూసుకోవాలి.

డిసెంబరు: చీటీ చుట్టూ వెలుతురు

వీడియో చీటీ మీద పడకూడదు. చేత్తో వేసిన బొమ్మ మీద ప్రొజెక్టరు బొమ్మ వేస్తే రెండూ పాడవుతాయి. చీటీ ఉండే చోట నడుమ 80 మి.మీ. నల్లగా వదిలి, చుట్టూ 20 సెం.మీ. వ్యాసంలో వెలుతురు చక్రం. అందులో చేయి కదలిక.

చిత్రీకరణ 50 ఫ్రేములు, షట్టరు సెకనులో నూరో వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు కింద రెపరెపలు రావు. 60 ఫ్రేములకు పెట్టి షట్టరునూ దానికి తగ్గట్టు మారిస్తే గీతలు పాకుతాయి. ఇత్తడి చేపకు తిన్నగా దీపం పెడితే తెల్ల మచ్చలే మిగులుతాయి. తెల్ల పంచె తెర కట్టి దాని వెనక నుంచి వెలుతురిస్తే పొలుసు పొలుసుకూ అంచు కనిపిస్తుంది.

ప్రతి ముక్కా చేయి తగిలే ఫ్రేముకు కొద్దిగా ముందు మొదలై అర సెకనుకు పైగా ఉంటుంది, మొత్తం 30 ఫ్రేములు. వీడియో ఫైలును పిలిచి ఆడిస్తే తెరుచుకునేసరికి దెబ్బ దాటిపోతుంది. అందుకని 400 × 400 చుక్కల బొమ్మల వరుసగా ముందే మెమరీలో ఎక్కించి పైగేమ్ అనే ప్రోగ్రాం లైబ్రరీతో గీయిస్తున్నాం. ఒక బొమ్మకు 6,40,000 బైట్లు, ముక్కకు 19.2 మెగాబైట్లు, నాలుగు పనులకు ఆరేసి చొప్పున 24 ముక్కలు కలిపి 461 మెగాబైట్లు. 4 గిగాబైట్ల రాస్ప్‌బెరీ పై 4కు ఇది సులువు, 1 గిగాబైట్ దానికి ఇరుకు.

శబ్దమూ బొమ్మా కలవడం: ప్రొజెక్టరు బొమ్మను ఆలస్యంగా చూపిస్తుంది, శబ్దం ముందే వచ్చేస్తుంది. శబ్దం ముందొస్తే మనసు ఒప్పదు, కొద్దిగా వెనకొస్తే ఒప్పుతుంది. ఈఎస్‌పీ32కు ఒక ఎల్‌ఈడీ కలిపి, ఎల్‌ఈడీ, తెర రెండూ కనిపించేలా ఫోనుతో 240 ఫ్రేముల వీడియో తీస్తే ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీ సెకన్లు. ఎల్‌ఈడీ వెలిగిన ఫ్రేము నుంచి బొమ్మ కనిపించిన ఫ్రేము దాకా లెక్కపెడితే ఆలస్యం తెలుస్తుంది. శబ్దానికి ఎంత పడుతుందో అదే వీడియో ఆడియో గీతలో చూసి, తేడాను ప్యూర్ డేటాలో శబ్దానికి చేర్చాలి. ప్రొజెక్టరు మారితే మళ్లీ కొలవాలి. “గేమ్ మోడ్” ఉంటే తప్పక వేసుకోవాలి, కోణం సరిచేసే అమరిక ఆపాలి, అది కూడా ఆలస్యం చేరుస్తుంది.

కరెంటు

పోతుంది. ప్రొజెక్టరు ఆరిపోయినా శబ్దం ఆగకూడదు, ఆట దానితోనే నడవాలి. రాస్ప్‌బెరీ పై, రీడర్లు, యాంప్లిఫయరు కలిసి 11 వాట్ల లోపు. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 84 వాట్ అవర్లుంటాయి. సగమే వాడితే మూడు గంటలకు పైగా వస్తుంది. సగానికి మించి తోడితే ఆ బ్యాటరీ ఎక్కువ కాలం నిలవదు. హఠాత్తుగా ఆరితే రాస్ప్‌బెరీ పై మెమరీ కార్డు పాడవవచ్చు. ఓవర్లే ఫైలు వ్యవస్థ ఆన్ చేసి కార్డును చదవడానికి మాత్రమే ఉంచితే ఆ భయం లేదు. చీట్ల నంబర్లు మార్చాల్సి వస్తే మాత్రం దాన్ని ఆఫ్ చేసి, మార్చి, మళ్లీ ఆన్ చేయాలి.

ఇప్పుడు మిగిలిన పని

పది చేపల చీటీ మెరుగు రాయి చోట మరీ పొడుగ్గా సాగుతోంది. తర్వాతి ఆటగాడు చీటీ వేసే లోపు పూర్తి కావడం లేదు. రాయి కాలాలను కుదించడం మాకు ఇష్టం లేదు, కుదిస్తే అది ఆ పని నడకే కాదు. కొత్త చీటీ పడగానే పాత లెక్క మధ్యలో తెగకుండా, రెండూ నెమ్మదిగా ఒకదానిలోంచి ఒకటి వచ్చేలా ప్యూర్ డేటాలో 400 మిల్లీ సెకన్ల మార్పిడి పెట్టి చూస్తున్నాం. వచ్చే నెల కూర్మం రంగుకు అట్టలు మొదలు. పొడి వాతావరణం ఉన్నప్పుడే 12 చీట్లకూ లక్క పూతలు ముగించాలి. ఈసారి ట్యాగును ఇంకో మి.మీ. లోపలికి దించడానికి మూడో పొరకు కాస్త మందమైన గుడ్డ వెతుకుతున్నాం.